స్కోరు లెక్కలోకి రాని మ్యాచ్‌కి టికెట్టెందుకు?

ఫిబ్రవరి మూడోవారం దాటిందంటే చాలు, మా ఆఫీసులో కొంతమందికి ఉన్నట్టుండి ఒంట్లో బాగోదు. అదీ సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంట మ్యాచ్ ఉన్న రోజునే. మేనేజరుకి ఈ జబ్బు సంగతి తెలుసు, ఆయనా ఏడాదికోసారి అదే జబ్బు పడతాడు కాబట్టి ఏమీ అనడు. ఫీనిక్స్ చుట్టుపక్కల చాండ్లర్, టెంపీ, మెసా ఊళ్ళలో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ళకి దీని గురించి చెప్పక్కర్లేదు. దాని పేరు స్ప్రింగ్ ట్రైనింగ్.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 30 జట్లు. ఒక్కో జట్టు సీజన్లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. ఆ సీజను మార్చి నెలాఖరులో మొదలవుతుంది. దానికి ముందు నెలరోజుల పైగా 15 జట్లు ఫ్లోరిడాలో, 15 జట్లు అరిజోనాలో మకాం వేసి సాధన చేస్తాయి, తమలో తాము మ్యాచ్‌లు ఆడుకుంటాయి. ఫ్లోరిడా వాటిని గ్రేప్‌ఫ్రూట్ లీగ్ అనీ, అరిజోనా వాటిని కాక్టస్ లీగ్ అనీ ముద్దుగా పిలుస్తారు. ఈ మ్యాచ్‌ల్లో గెలిచినా ఓడినా పాయింట్ల పట్టికలో అంగుళం కూడా తేడా రాదు. అసలు సీజన్లో ఎవరో ఒకరు గెలిచేదాకా ఆట సాగుతుంది, ఇక్కడ మాత్రం స్కోరు సమమైతే "సరే, ఇక ఇంటికెళ్దాం" అని ఆపేస్తారు. పెద్ద ఆటగాళ్ళు నాలుగైదు ఇన్నింగ్స్ ఆడి వెళ్ళిపోతారు. ఆ తర్వాత వీపు మీద 80, 90 నంబర్లున్న కుర్రాళ్ళు దిగుతారు. వాళ్ళ పేర్లు సగటు అభిమానికి తెలియవు. మన భాషలో చెప్పాలంటే ఇది ప్రొడక్షన్ కాదు, స్టేజింగ్ సర్వర్. ఇక్కడ ఏం పగిలినా ఎవడూ పేజర్ మోగించడు.

మరి స్టేజింగ్ సర్వర్ చూడ్డానికి జనం డబ్బిచ్చి టికెట్ కొనుక్కుని, షికాగో నుంచీ మిల్వాకీ నుంచీ విమానాలెక్కి మరీ ఎందుకొస్తారు?

ఎవర్నడిగినా చెప్పే జవాబొకటుంది. అక్కడ ఇంకా మంచు, ఇక్కడ ఎండ. పదివేలమంది పట్టే చిన్న మైదానం, అవుట్‌ఫీల్డ్ వెనకాల గడ్డి వాలు మీద దుప్పటి పరుచుకుని కూర్చోవచ్చు. అరిజోనాలో ఐతే 15 జట్లకీ కలిపి ఉన్న 10 స్టేడియాలూ ఫీనిక్స్ చుట్టూనే కాబట్టి మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి చూడొచ్చు. పొద్దున్నే వెళ్తే వెనక మైదానాల్లో ప్రాక్టీసు చేస్తున్నవాళ్ళని కంచె పక్కన నిలబడి చూడొచ్చు. ఆటగాడు కంచె దగ్గరికొచ్చి పిల్లలకి బంతి మీద సంతకం పెట్టిస్తాడు. ఇదంతా నిజమే. నేనూ రెండుమూడుసార్లు వెళ్ళాను, నాకూ ఇవే నచ్చాయి.

కానీ ఈ మధ్య దీని చరిత్ర చదువుతుంటే ఒక సంగతి బాగా పట్టుకుంది. స్కోరుకి విలువలేని ఈ మ్యాచ్‌ల్లో, చూడ్డానికి వచ్చిన జనానికి చాలా విలువుండేది. ఎవరొచ్చారు, ఎవర్ని రానిచ్చారు, ఎక్కడ కూర్చోబెట్టారు అన్నదాని మీద ఊళ్ళకి ఊళ్ళు గొడవపడ్డాయి. గేట్లకి తాళాలు వేశారు. ఆట మధ్యలో పోలీసులు మైదానంలోకొచ్చారు. ఒట్టి ప్రాక్టీసు మ్యాచ్ కోసం అంత రభసేంటి అని అనుమానం రావాలి కదా. ఆ కథే ఇది.

మొదట్లో ఐతే ఇది చూసే వ్యవహారమే కాదు. 1886లో షికాగో వైట్ స్టాకింగ్స్ జట్టుని ఆర్కన్సాలోని హాట్ స్ప్రింగ్స్ అనే ఊరికి తీసుకెళ్ళారు. చలికాలమంతా తిని తాగి ఒళ్ళు పెంచిన ఆటగాళ్ళని వేడినీటి బుగ్గల్లో ముంచి కొవ్వు కరిగించడం దాని ఉద్దేశం. స్ప్రింగ్ ట్రైనింగ్‌కి ఇదే మొదలని ఎక్కువమంది చెబుతారు. 1888లో వాషింగ్టన్ జట్టు ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌కి వెళ్ళింది. ఆ జట్టులో వికెట్‌కీపర్ లాంటి స్థానంలో ఆడిన కుర్రాడు కానీ మాక్. తర్వాత యాభయ్యేళ్ళు ఫిలడెల్ఫియా జట్టుని నడిపి చరిత్రకెక్కినవాడు. జాక్సన్‌విల్‌లో తమకి గది ఇవ్వడానికి హోటళ్ళు ఎంత ఇబ్బంది పెట్టాయో ఆయన ముసలితనంలో కూడా చెబుతుండేవాడు. అప్పట్లో బేస్‌బాల్ ఆడేవాళ్ళంటే తాగుబోతులు, రౌడీలు అన్న పేరు. ఈ హోటల్ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. అరవై, డెబ్భై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఇదే గొడవ వేరే రూపంలో వస్తుంది.

తర్వాత ఊళ్ళవాళ్ళకి తెలివొచ్చింది. జట్టొస్తే వెనకాల ఉత్తరాది పత్రికల విలేఖరులొస్తారు. వాళ్ళు రోజూ రాసే వార్తలో మొదటి మాటే మన ఊరి పేరు. మంచులో వణుకుతున్న న్యూయార్కువాడు పొద్దున్నే పేపరు తెరిస్తే ఫ్లోరిడా ఎండ గురించి చదువుతాడు. ఇంతకంటే చవకైన ప్రకటన ఉంటుందా! సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అల్ లాంగ్ అనే పెద్దమనిషి ఈ సూత్రం పట్టుకుని 1914లో సెయింట్ లూయీ బ్రౌన్స్ జట్టుని రప్పించాడు. ఆ జట్టు మేనేజరు బ్రాంచ్ రికీ. ఈ పేరు కూడా గుర్తుపెట్టుకోండి.

1915లో డేటోనా బీచ్‌లో జరిగిన ఒక వింత ఉంది. విమానంలోంచి వేసిన బంతిని పట్టుకుంటానని బ్రూక్లిన్ మేనేజరు విల్బర్ట్ రాబిన్సన్ పందెం కాశాడు. విమానం నడిపినావిడ రూత్ లా. బంతికి బదులు ఆవిడ గ్రేప్‌ఫ్రూట్ పండు జారవిడిచింది. అది వచ్చి ఛాతీ మీద పగిలి రసం కారేసరికి ఆయన రక్తమనుకుని చచ్చిపోయానని కేకలు పెట్టాడట. గ్రేప్‌ఫ్రూట్ లీగ్ అన్న పేరు దీన్నుంచే వచ్చిందని కథ చెబుతారు. పేరు సంగతి ఎలా ఉన్నా, అక్కడికొచ్చిన జనానికి కావలసింది స్కోరు కాదని మాత్రం అర్థమవుతుంది.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. 1903 నుంచి 1952 దాకా మేజర్ లీగ్‌లో 16 జట్లు, అవన్నీ కలిపి పదంటే పదే నగరాల్లో ఉండేవి. అన్నీ ఈశాన్యంలోనూ మధ్య పశ్చిమంలోనూ. అన్నిటికంటే పడమర ఉన్నది సెయింట్ లూయీ. జార్జియా, అలబామా, టెనెసీ, టెక్సాస్, ఫ్లోరిడాల్లో ఒక్క జట్టు లేదు. హ్యూస్టన్‌కి జట్టు వచ్చింది 1962లో, అట్లాంటాకి 1966లో. అంటే దక్షిణాదిలో పుట్టినవాడు బేబ్ రూత్ పేరు పేపర్లో చదవాలి, తర్వాత్తర్వాత రేడియోలో వినాలి. కళ్ళారా చూడాలంటే మార్చి, ఏప్రిల్ నెలల్లోనే. ఫ్లోరిడాలో శిక్షణ ముగించుకుని జట్లు రైళ్ళలో ఉత్తరానికి తిరిగెళ్ళేటప్పుడు దారిలో ఊరూరా ఆగి స్థానిక జట్లతో ఒక్కో మ్యాచ్ ఆడేవి. మనకి విదేశీ క్రికెట్ జట్టొస్తే టెస్టులకి ముందు చిన్న ఊళ్ళో మూడురోజుల మ్యాచ్ ఆడేది కదా, ఇంచుమించు అలాంటిది. ఆ ఊరివాళ్ళకి ఏడాదికి అదొక్కటే అవకాశం. వాళ్ళకది ప్రాక్టీసు మ్యాచ్ ఎలా అవుతుంది?

1931 ఏప్రిల్ 2న టెనెసీలోని చట్టనూగాలో యాంకీస్ జట్టు అలాగే ఆగింది. ఎదురుగా స్థానిక జట్టు తరఫున బంతి విసరడానికి వచ్చింది జాకీ మిచెల్ అనే 17 ఏళ్ళ అమ్మాయి. సుమారు 4 వేలమంది చూస్తుండగా బేబ్ రూత్‌నీ, వెంటనే లూ గెరిగ్‌నీ వరసగా అవుట్ చేసింది. జనాన్ని రప్పించడానికి ముందే మాట్లాడుకున్న నాటకమా, నిజంగానే చేసిందా అన్న వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. అధికారిక రికార్డుల్లో ఆ రెండు అవుట్లూ ఉండవు, ఎందుకంటే ఆ మ్యాచ్ లెక్కలోకి రాదు. కానీ తొంభయ్యేళ్ళు దాటినా జనం చెప్పుకుంటున్నారు. అదే ఏడాది లెక్కలోకొచ్చిన మ్యాచ్‌ల్లో ఎన్నిటిని ఇలా గుర్తుపెట్టుకున్నారు?

సరే, ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఆ దక్షిణాది రాష్ట్రాల్లోనే, ఆ మైదానాల్లోనే, గ్యాలరీలు రంగుని బట్టి విడగొట్టి ఉండేవి. నల్లజాతివాళ్ళకి వేరే గేటు, వేరే స్టాండు, వేరే మరుగుదొడ్డి, వేరే నీళ్ళ కుళాయి. సాధారణంగా వాళ్ళకిచ్చే చోటు ఎండపడే పక్క, మూలన, ఆట సరిగ్గా కనబడని దగ్గర. మైదానంలోనైతే నల్ల ఆటగాడన్నవాడే లేడు. 1880ల చివర్నుంచి తెల్లవాళ్ళ లీగులు వాళ్ళకి తలుపులు మూసేశాయి. దాని గురించి రాసిన నియమం ఎక్కడా ఉండదు, అందరూ కలిసి పాటించే మర్యాద లాగా నడిచిపోయింది. (రాసిపెట్టని రూల్సే ఎక్కువ గట్టిగా అమలవుతాయని ఆఫీసుల్లో పనిచేసే మనకి తెలియనిదేం కాదు.)

1945లో బ్రూక్లిన్ డాడ్జర్స్ అధిపతిగా ఉన్న బ్రాంచ్ రికీ, పైన గుర్తుపెట్టుకోమన్న మనిషే, జాకీ రాబిన్సన్‌ని తీసుకుని తమ కింది జట్టు మాంట్రియల్ రాయల్స్‌లో పెట్టాడు. 1946 వసంతంలో రాబిన్సన్ ఫ్లోరిడా శిబిరానికి రావాలి. అప్పటికి పెళ్ళై నెల కూడా కాలేదు. భార్య రేచల్‌తో కలిసి బయల్దేరితే న్యూ ఆర్లీన్స్‌లో ఒకసారి, పెన్సకోలాలో ఇంకోసారి విమానం నుంచి దింపేశారు. చివరికి బస్సు వెనక సీట్లో కూర్చుని జాక్సన్‌విల్ దాకా వచ్చారు. శిబిరం ముందు శాన్‌ఫర్డ్ అనే ఊళ్ళో మొదలైంది. రెండ్రోజులు తిరక్కుండానే అక్కడ బెదిరింపులొచ్చి, వాళ్ళని డేటోనా బీచ్‌కి తరలించాల్సొచ్చింది. జట్టంతా హోటల్లో, ఈ దంపతులు మాత్రం ఒక నల్లజాతి కుటుంబం ఇంట్లో.

1946 మార్చి 17, ఆదివారం. డేటోనా బీచ్, సిటీ ఐలాండ్ మైదానం. మాంట్రియల్ రాయల్స్‌కీ డాడ్జర్స్‌కీ ప్రాక్టీసు మ్యాచ్. రాబిన్సన్ రెండో బేస్ దగ్గర దిగాడు. ఆ శతాబ్దంలో మేజర్ లీగ్ జట్టుతో జరిగిన శిబిరం మ్యాచ్‌లో తెల్లవాళ్ళతో కలిసి ఒక నల్లజాతివాడు ఆడటం అదే మొదటిసారి. సుమారు 4 వేలమంది వచ్చారని లెక్క. అందులో వెయ్యిమంది దాకా నల్లజాతివాళ్ళు. చాలామంది చర్చి నుంచి తిన్నగా, ఆ బట్టల్లోనే వచ్చారు. వాళ్ళకి కేటాయించిన చోటు చాలక కిక్కిరిసిపోయారు. ఎదురుగా స్టాండు సగం ఖాళీగా ఉన్నా అటు వెళ్ళడానికి లేదు.

ఆరోజు రాబిన్సన్ ఒక్క హిట్ కూడా కొట్టలేదు. ఐదు ఇన్నింగ్స్ ఆడి వెళ్ళిపోయాడు. స్కోరుకార్డు చూస్తే అందులో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. తెల్లవాళ్ళ స్టాండ్లోంచి గోల చేస్తారని భయపడుతూ దిగితే, చప్పట్లు కూడా వినిపించాయని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. నల్లజాతివాళ్ళ పత్రిక పిట్స్‌బర్గ్ కొరియర్ విలేఖరి వెండెల్ స్మిత్ ఆ శిబిరమంతా ఆయన పక్కనే ఉండి దేశమంతటికీ వార్తలు రాశాడు. ఆ వెయ్యిమంది ఎందుకొచ్చారు? గెలుపు కోసం ఐతే కాదు. ఆ మనిషి ఆ బట్టల్లో ఆ గీత దాటి మైదానంలోకి నడవడాన్ని చూడ్డానికొచ్చారు. అక్కడ ఉన్నామని తర్వాత చెప్పుకోడానికొచ్చారు.

నాకిక్కడ ఆసక్తిగా అనిపించింది ఇంకోటి. "ఒట్టి ప్రాక్టీసు మ్యాచే కదా" అన్న మాట రెండువైపులా పనిచేసింది. డేటోనా పెద్దలు ఆ మాట అడ్డంపెట్టుకుని, మైదానంలోపల ఒక మినహాయింపుని ఒప్పుకున్నారు, గ్యాలరీలో గీత అలాగే ఉంచారు. మిగతా ఊళ్ళు అదే మాట అడ్డంపెట్టుకుని మ్యాచ్‌లు రద్దుచేశాయి. పాయింట్లు పోవు కదా, రద్దుచేస్తే నష్టమేంటి! జాక్సన్‌విల్‌లో జట్టు బస్సు వెళ్ళేసరికి మైదానం గేటుకి తాళం వేసుంది. డీలాండ్‌లో ఫ్లడ్‌లైట్లు పాడయ్యాయన్నారు. ఆ మ్యాచ్ జరగాల్సింది పట్టపగలు. (నెట్‌వర్క్ డౌన్ అని చెప్పి మీటింగ్ ఎగ్గొట్టే మనవాళ్ళు కూడా ఇంతకంటే మంచి సాకు చెబుతారు.) ఏప్రిల్ 7న శాన్‌ఫర్డ్‌లో మ్యాచ్ మొదలయ్యాక పోలీసు అధికారి మైదానంలోకొచ్చి రాబిన్సన్‌ని బయటికి పంపమని మాంట్రియల్ మేనేజరుని ఆదేశించాడు. పంపేశారు.

లెక్కలోకి రాని మ్యాచ్ కోసం పోలీసు అధికారి ఇంత కష్టపడ్డాడంటే, ఆయనకి తెలుసు అది లెక్కలోకొస్తుందని. పిల్లలు చూస్తున్నారు. చూసింది వాళ్ళు మర్చిపోరు.

1947లో డాడ్జర్స్ ఫ్లోరిడా వద్దనుకుని క్యూబాలోని హవానాలో శిబిరం పెట్టారు. అక్కడా రాబిన్సన్‌ని మిగతా జట్టు నుంచి వేరే చోట ఉంచారు, అది రికీ నిర్ణయమే. ఆ ఏప్రిల్ 15న రాబిన్సన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. ఆ కథ అందరికీ తెలిసిందే. మన కథకి కావలసింది 1949 ఏప్రిల్. డాడ్జర్స్ ఉత్తరానికి వెళ్తూ అట్లాంటాలో ఆగి, స్థానిక క్రాకర్స్ జట్టుతో మూడు మ్యాచ్‌లు ఆడతామని ప్రకటించారు. రాబిన్సన్, రాయ్ క్యాంపనెల్లా ఇద్దరూ ఆడతారు. జార్జియాలో కూ క్లక్స్ క్లాన్ నాయకుడు ఇది చట్టవిరుద్ధమని, ఆపేస్తామని హెచ్చరించాడు. రాబిన్సన్‌కి బెదిరింపు ఉత్తరాలొచ్చాయి. రికీ వెనక్కి తగ్గలేదు, క్రాకర్స్ యజమాని ఎర్ల్ మాన్ కూడా తగ్గలేదు.

ఆ మూడురోజులూ ఏమైందంటే, జనం వచ్చారు. మూడోరోజు 25 వేలు దాటారు. ఆ మైదానం అంతవరకూ చూడని జనం. అందులో సగానికి పైగా నల్లజాతివాళ్ళే. ఏ గొడవా జరగలేదు.

ఆలోచిస్తే, క్లాన్ బెదిరింపుకి జవాబు చెప్పింది కోర్టు కాదు, ప్రభుత్వం కాదు. టికెట్ కొనుక్కుని వరసలో నిలబడ్డ మామూలు మనుషులు. వాళ్ళలో చాలామంది పనిమనుషులు, కూలీలు, డ్రైవర్లు అయ్యుంటారు. మర్నాడు వాళ్ళు తిరిగి పనికెళ్ళాల్సింది తెల్లవాళ్ళ ఇళ్ళకీ ఫ్యాక్టరీలకీ. మ్యాచ్ చూడ్డం అనే చిన్న పనికి అప్పుడెంత ధైర్యం కావాలో గడ్డి వాలు మీద కూర్చుని నిమ్మరసం తాగుతున్న మనకి ఊహకందదు. జట్ల యజమానులకి మాత్రం ఇంకో లెక్క బాగా అర్థమైంది. ఈ జనం దగ్గరా డబ్బుంది, వాళ్ళూ టికెట్ కొంటారు. న్యాయం వినిపించని చెవులకి కూడా గల్లాపెట్టె మోత వినిపిస్తుంది.

మరి అరిజోనా సంగతి? కాక్టస్ లీగ్ 1947లో క్లీవ్‌లాండ్, న్యూయార్క్ జెయింట్స్ జట్లతో మొదలైంది. క్లీవ్‌లాండ్ టూసాన్‌లో, జెయింట్స్ ఫీనిక్స్‌లో. క్లీవ్‌లాండ్ యజమాని బిల్ వెక్ అంతకుముందు ఫ్లోరిడాలో ఒక మ్యాచ్‌కి వెళ్ళి నల్లజాతివాళ్ళ స్టాండులో కూర్చుంటే అక్కడి అధికారులు లేచిపొమ్మన్నారని, అందుకే ఫ్లోరిడా వదిలేశానని తన ఆత్మకథలో రాసుకున్నాడు. వినడానికి చాలా బాగుంటుంది. కాకపోతే 1948లో, అమెరికన్ లీగ్‌లో మొదటి నల్లజాతి ఆటగాడైన లారీ డోబీని టూసాన్‌లో జట్టు దిగిన హోటల్ రానివ్వలేదు. ఆయన వేరే ఇంట్లో ఉండాల్సొచ్చింది. ఎడారిలో గీతలు తక్కువ కనబడతాయి, అంతే.

చట్టం ముందుకి నడుస్తున్నా ఫ్లోరిడా శిబిరాలు అక్కడే ఉండిపోయాయి. 1950లంతా ఇదే తంతు. మైదానంలో అందరూ కలిసి ఆడేవాళ్ళు, సాయంత్రం కాగానే తెల్ల ఆటగాళ్ళు సముద్రతీరం హోటలుకి, నల్ల ఆటగాళ్ళు ఊరి అవతలి పక్కన ఎవరింట్లోనో అద్దె గదికి. కానీ మాక్‌కి గదివ్వడానికి సణిగిన ఫ్లోరిడాలో ఇప్పుడు బేస్‌బాల్ ఆటగాడంటే రాజభోగం, ఒంటిరంగు సరైనదైతే. డాడ్జర్స్ 1948లో వీరో బీచ్‌లో పాత నౌకాదళ స్థావరాన్ని తీసుకుని అందరూ ఒకేచోట ఉండేలా డాడ్జర్‌టౌన్ కట్టుకున్నారు. అంత చేసినవాళ్ళు కూడా 1953లో అక్కడ కట్టిన హోల్మన్ స్టేడియంలో నల్లజాతి ప్రేక్షకులకి వేరే మూల ఉండనిచ్చారు. ఆ ఏర్పాటు పోయింది 1962లో. బోర్డులు తీసేశాక కూడా జనం అలవాటుకొద్దీ ఆ పాత మూలకే వెళ్తుంటే, ఆటగాళ్ళే వెళ్ళి ఇటొచ్చి కూర్చోమని పిలవాల్సొచ్చిందని టామీ డేవిస్ తర్వాత చెప్పాడు. చదివినవాటిలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే. బోర్డు ఒక్కరోజులో తీసేయొచ్చు. ఎక్కడ కూర్చోవాలో పదేళ్ళు నేర్చుకున్న కాళ్ళు అంత తొందరగా మరోవైపు నడవవు.

1961 జనవరిలో వెండెల్ స్మిత్ మళ్ళీ కలం పట్టాడు. పదిహేనేళ్ళైనా నల్ల ఆటగాళ్ళకి శిబిరంలో హోటల్ గది ఎందుకు లేదని షికాగో పత్రికలో రాశాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రాల్ఫ్ వింబిష్ అనే నల్లజాతి డాక్టరు ఏళ్ళతరబడి ఆ ఆటగాళ్ళకి ఇళ్ళు వెతికిపెట్టేవాడు. ఇకమీద వెతకను, జట్లే చూసుకోవాలి అని ఆ ఏడాది తెగేసి చెప్పాడు. అదే వసంతంలో ఊరి పెద్దలు యాట్ క్లబ్బులో ఆటగాళ్ళకి ఫలహార విందు పెట్టి, కార్డినల్స్ జట్టులో తెల్లవాళ్ళనే పిలిస్తే బిల్ వైట్ దాన్ని పత్రికలకెక్కించాడు. యాంకీస్ దిగే హోటలు ఒప్పుకోలేదు, ఆ జట్టు 1962లో ఫోర్ట్ లాడర్‌డేల్‌కి మారిపోయింది. కార్డినల్స్ కోసం ఒక మోటెల్ ఏర్పాటుచేసి జట్టంతా కుటుంబాలతో అక్కడే ఉన్నారు. స్టాన్ మ్యూజియల్, కెన్ బోయర్ లాంటి తెల్ల తారలు సముద్రపొడ్డు ఇళ్ళు వదులుకుని వచ్చారు. ఆ మోటెల్ ఈతకొలనులో తెల్ల పిల్లలు, నల్ల పిల్లలు కలిసి ఈదుతుంటే చూడ్డానికి ఊరివాళ్ళు కార్లేసుకుని వచ్చి మెల్లగా నడుపుకుంటూ పోయేవారట. మ్యాచ్ ఊసే లేదు, ఆ కొలనే వాళ్ళకి ఆట!

ప్రేక్షకుడి బలం ఇంకోసారి కనబడింది 1995లో. 1994 ఆగస్టులో ఆటగాళ్ళు సమ్మెకి దిగారు, ఆ ఏడు వరల్డ్ సిరీసే జరగలేదు. 1995 వసంతంలో యజమానులు బయటివాళ్ళని తెచ్చి అవే జట్ల బట్టలు తొడిగి శిబిరాలు నడిపారు. ఎండ అదే, మైదానం అదే, గడ్డి వాలు అదే. జనం మాత్రం బాగా తగ్గిపోయారు. బాల్టిమోర్ జట్టు అసలు అలాంటి వాళ్ళని దింపనే లేదు. డెట్రాయిట్ మేనేజరు స్పార్కీ ఆండర్సన్ నేను నడపనని ఇంటికెళ్ళిపోయాడు. చివరికి న్యూయార్క్‌లో సోనియా సొటోమయార్ అనే జడ్జి ఇచ్చిన ఆదేశంతో ఏప్రిల్ మొదట్లో సమ్మె ముగిసింది. ఆవిడ తర్వాత సుప్రీం కోర్టుకి వెళ్ళారు. ఎండ కోసమే వస్తాం అని చెప్పే అభిమానులు, ఎండ ఉన్నా రాలేదన్నమాట.

ఇప్పుడిది పెద్ద వ్యాపారం. 2000లో ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీ ఓటర్లు హోటళ్ళ మీద, అద్దె కార్ల మీద పన్ను వేసి స్టేడియాలకి డబ్బివ్వడానికి ఓటేశారు. ఆ డబ్బు చూసి ఫ్లోరిడా నుంచి జట్లు కదిలాయి. అరవయ్యేళ్ళున్న వీరో బీచ్‌ని డాడ్జర్స్ 2008లో వదిలి, 2009 నుంచి ఇక్కడి గ్లెండేల్‌లో ఆడుతున్నారు. ఆ ఊరి ముసలివాళ్ళకి మార్చి నెలంటే ఏం మిగిలిందో ఏ ఆదాయ నివేదికలోనూ కనబడదు. ఇప్పుడు రంగుని బట్టి గేట్లు లేవు. ధర మాత్రం ఉంది. పేరున్న జట్ల మ్యాచ్‌కి, వారాంతంలో, నలుగురున్న కుటుంబం వెళ్ళాలంటే జేబు తడుముకోవాల్సిందే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఇంత జనం డబ్బిచ్చి చూస్తున్న ఈ నెలరోజులకీ మేజర్ లీగ్ ఆటగాళ్ళకి జీతం లేదు, ఖర్చుల భత్యమే. 1946లో రాబర్ట్ మర్ఫీ అనే ఆయన ఆటగాళ్ళ సంఘం పెట్టబోతే, దాన్ని చల్లార్చడానికి యజమానులు వారానికి 25 డాలర్ల భత్యం ఒప్పుకున్నారు. దానికి "మర్ఫీ డబ్బులు" అనే పేరు చాలాకాలం నిలిచింది. కోట్లు తీసుకునే తారలకి ఇది లెక్క కాదు. ఏడో ఇన్నింగ్స్‌లో దిగే 90 నంబరు కుర్రాడికి మాత్రం చాలాకాలం లెక్కగానే ఉండేది. మైనర్ లీగ్ ఆటగాళ్ళు శిబిరంలో చేసిన పనికి కూలీ ఇవ్వాలని కోర్టుకెళ్తే, ఏళ్ళ తర్వాత 2022లో 18.5 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. శిక్షణ పేరు చెప్పి జీతం ఎగ్గొట్టే కంపెనీలని చూసిన మనవాళ్ళెవరికైనా ఈ కేసు వెంటనే అర్థమవుతుంది.

అందుకే ఈసారి వెళ్తే తారలు వెళ్ళిపోగానే లేచి పార్కింగ్ వైపు పరిగెత్తకండి. ఆరో ఇన్నింగ్స్ తర్వాత స్టేడియం సగం ఖాళీ అవుతుంది, నిజమైన శిబిరం అప్పుడే మొదలవుతుంది. ఆ 90 నంబరు కుర్రాడికి ఆ రెండు బంతులే ఏడాది మొత్తానికి దొరికిన ఇంటర్వ్యూ. రేపు పొద్దున్న వాడి పేరు జాబితాలో ఉండకపోవచ్చు. వాడి తల్లిదండ్రులు ఎక్కడో పక్కనే కూర్చుని ఉంటారు. వాడు బ్యాటు పట్టుకుని నడుస్తుంటే అరిచేది వాళ్ళిద్దరే ఐతే, మీరూ ఒక కేక వెయ్యండి. సొమ్మేం పోదు.

అన్నట్టు, టోపీ తీసుకెళ్ళడం మర్చిపోకండి. మార్చి నెలలోనే ఇక్కడి ఎండ మన అనంతపురం ఎండకేం తీసిపోదు. మధ్యాహ్నం మ్యాచ్‌కైతే మూడో బేస్ వైపు పైవరసల్లో టికెట్ తీసుకోండి, చాలా స్టేడియాల్లో నీడ ముందు అటే వస్తుంది. ఏ వరసైనా, ఎవరైనా కొనుక్కోవచ్చు.